పాత ప్లేటుకు పిడి

"సొంతంగా చేసుకున్న సామానుతో క్లచ్ జోలికి వెళ్ళొద్దు. కంపెనీ టూల్ ఉంటే విప్పండి, లేదంటే బండిని షోరూముకు పంపండి." ఏటీవీ కొన్నవాళ్ళకు అమ్మేవాళ్ళు చెప్పే మాట ఇది. కాలేజీలో ఇంజనీరింగు పిల్లలకు చెప్పే మాట కూడా ఇదే. ఆఖరికి షెడ్డులో చేతులకు గ్రీజుతో ఉన్నవాడు సైతం, ఎదురుగా పెద్దమనిషి నిలబడి ఉంటే, ఇదే పాఠం అప్పజెబుతాడు. ఆయన వెనక్కి తిరగగానే గూట్లోంచి తను చేసుకున్న టూలే తీస్తాడు, అది వేరే సంగతి. మాట బుద్ధిగా వినిపిస్తుంది కనక ఎవరూ ఎదురు చెప్పరు. నేను చెబుతాను. ముప్పై ఏళ్ళకు పైగా కొంతకాలం లేతు ముందు, కొంతకాలం విప్పిన క్లచ్ కవర్ల ముందు నిలబడ్డవాణ్ణి. ఈ హితవు బండిని కాపాడదు, మనిషినీ కాపాడదు. పైగా ఏది ప్రమాదమో, ఏది కాదో తెలియకుండా చేస్తుంది.

ఏటీవీ అంటే ఎరగనివాళ్ళ కోసం రెండు ముక్కలు. నాలుగు బొద్దు టైర్లు, మోటార్ సైకిల్ లాంటి హ్యాండిలు, కాళ్ళు అటొకటి ఇటొకటి వేసుకుని కూచునే సీటు. మన దగ్గర విశాఖ ఇసుకలోనో, హైదరాబాదు చుట్టుపక్కల రిసార్టుల్లోనో పర్యాటకులను తిప్పుతుంటాయి. అమెరికా, కెనడాల్లో మాత్రం అది పనిబండి. పొలానికి, అడవికి, మంచులోకి అదే పోతుంది. క్లచ్ విషయంలో వీటిని మూడు రకాలుగా చూడొచ్చు. రేసు తరహా బండ్లకు మన బుల్లెట్టుకో పల్సరుకో ఉన్నట్టు నూనెలో మునిగి ఉండే ప్లేట్ల క్లచ్. హోండావాళ్ళ పనిబండ్లు చాలావాటికి వేగం అందుకోగానే తనంతట తనే పట్టుకునే సెంట్రిఫ్యూగల్ క్లచ్, దాని తోడుగా ప్లేట్ల క్లచ్. పొలారిస్, కాన్-ఆమ్ లాంటివాటికి బెల్టు మీద నడిచే సీవీటీ. ఈ మూడోది కొత్తదేం కాదు, కైనెటిక్ హోండా రోజుల నుంచి మన గేర్లెస్ స్కూటర్లలో ఉన్నదే, కాస్త పెద్ద ఒళ్ళుతో.

అవతలివాళ్ళ వాదన తేలిగ్గా తీసిపారేసేది కాదు. క్లచ్ నిమిషానికి వేల చుట్లు తిరిగే వస్తువు, లోపల నొక్కిపెట్టిన స్ప్రింగులుంటాయి, ప్లేట్లను మోసే హబ్బేమో అల్యూమినియం. కంపెనీ టూల్‌ను కొలిచి, పరీక్షించి, తగిన ఉక్కుతో చేస్తారు. ఇంట్లో చేసిందానికి ఆ పూచీ ఎవరిస్తారు? "పనిమంతుడు పందిరేస్తే పిచ్చుకలొచ్చి పడగొట్టాయట" అని ఒక పెద్దాయన నా ఎదురుగానే అన్నాడు. నవ్వాను. సామెత బాగుంది, కానీ అక్కడున్నది పందిరి కాదు, పట్టీ ఇనుము.

అసలు పొరపాటు ఎక్కడుందో చూడండి. ఈ వాదన ఒక పక్క కంపెనీ టూల్‌నీ, మరో పక్క సొంత టూల్‌నీ పెట్టి ఏది మేలని అడుగుతుంది. షెడ్డులో ఆ ప్రశ్న పుట్టదు. కంపెనీ టూల్ అక్కడ లేదు. ఏటీవీ సంగతైతే ఊళ్ళోనే లేదు, జిల్లాలోనూ ఉండకపోవచ్చు. తెప్పిస్తే ఎప్పుడొస్తుందో చెప్పలేరు. ఈలోగా బండి ఆగదు, దాని మీద బతికే మనిషి ఆగడు. కాబట్టి నిజంగా పోటీ పడేది సొంత టూలూ, స్క్రూడ్రైవరూను. సొంత టూల్ వద్దన్న ప్రతిసారీ మనం తెలియకుండానే స్క్రూడ్రైవరుకు ఓటేస్తున్నాం.

స్క్రూడ్రైవర్ ఎందుకొస్తుందంటే, ప్లేట్ల క్లచ్‌లో మధ్యనున్న నట్టు విప్పబోతే హబ్బు కూడా నట్టుతో పాటే తిరుగుతుంది. దాన్ని ఎవరో పట్టుకోవాలి. ఇంజను బండిలోనే ఉంటే గేరులో వేసి బ్రేకు తొక్కి పట్టుకోవచ్చు. ఇంజను దింపి బల్ల మీద పెట్టాక ఆ దారి లేదు. అప్పుడు గేరు పళ్ళ మధ్య స్క్రూడ్రైవర్ దూరుస్తారు, లేదా హబ్బు గాడిలో దాని మొన ఆనించి పట్టుకోమంటారు. ఇంకా తొందరున్నవాడు నట్టు అంచు మీద ఉలి పెట్టి సుత్తితో కొడతాడు. వానాకాలం తర్వాత రిపేరుకొచ్చిన బండ్ల క్లచ్ నట్ల అంచులు చూస్తే ఎన్ని ఉలులు పలకరించాయో లెక్కపెట్టొచ్చు.

నేనూ ఆ దారిన పోయినవాణ్ణే. ఇరవై రెండేళ్ళ వయసులో, ఒకాయన ముచ్చటపడి తెప్పించుకున్న బండికి, హబ్బులో స్క్రూడ్రైవర్ ఆనించి పొడుగు పానా మీద ఒళ్ళంతా వేశాను. టప్‌మని శబ్దం వచ్చింది. నట్టు వదిలిందనుకుని సంతోషించాను. వదిలింది నట్టు కాదు, హబ్బు పన్ను. ఆ ముక్క ఎక్కడ పడిందో కనిపెట్టడానికి ఆయిల్ సంపు దాకా విప్పాల్సి వచ్చింది. కొత్త హబ్బు వచ్చేలోపు ఆయన రోజూ సాయంత్రం వచ్చి, ఒక్క మాటా అనకుండా, స్టూలు మీద కూచుని బండి వైపు చూసి వెళ్ళేవాడు. తిట్టి ఉంటే బాగుండేదనిపించేది.

ఆ పన్ను ఎందుకు విరిగిందో లెక్క కట్టడం నాకు చాలా ఏళ్ళ తర్వాత గాని రాలేదు. చిన్న లెక్కే. నట్టు 90 న్యూటన్ మీటర్ల బిగువున ఉందనుకోండి. హబ్బు పళ్ళు కేంద్రం నుంచి 50 మిల్లీమీటర్ల దూరంలో ఉన్నాయనుకోండి. పళ్ళ దగ్గర పడే బలం 1,800 న్యూటన్లు, అంటే సుమారు 180 కిలోల బరువు. స్క్రూడ్రైవర్ ఆనించిన చోట ఆ బరువంతా ఒకే పన్ను మీద, అదీ ఒక మూల మీద పడుతుంది. పట్టేసిన నట్టుకు ఇంకా ఎక్కువే కావాలి. అల్యూమినియం పన్ను అంత మోయమంటే ఎక్కడ మోస్తుంది?

ఇప్పుడు అదే బండిలోంచి తీసి మూల పడేసిన పాత స్టీలు ప్లేటు చేతిలోకి తీసుకోండి. దాని లోపలి అంచు పళ్ళు హబ్బు పళ్ళకు సరిగ్గా సరిపోతాయి. సరిపోవాలనే కదా కంపెనీ దాన్ని చేసింది! ముప్పై పళ్ళున్నాయనుకుంటే ఒక్కోదానికి వచ్చే వాటా ఆరు కిలోలు. తయారీలో వెంట్రుకవాసి తేడాలుంటాయి కనక అన్నీ సమానంగా మోయవు. సగమే మోశాయనుకున్నా పన్నెండు కిలోలు. ఆ ప్లేటుకు ఒక పిడి వెల్డింగ్ చేస్తే, అంతే, క్లచ్ హోల్డర్ తయారు. కొలిచిందీ కంపెనీయే, ఉక్కు ఎంచిందీ కంపెనీయే. మనం చేసింది పిడి ఒక్కటే.

దీనికి ఎదురుగా బజారులో దొరికే "యూనివర్సల్" హోల్డరును పెట్టి చూడండి. రెండు దవడలు, నొక్కితే మూసుకుంటాయి, హబ్బును నాలుగైదు పళ్ళ దగ్గర కరుచుకుంటాయి. అన్ని బండ్లకూ సరిపోవాలని చేసింది కాబట్టి ఏ బండికీ పూర్తిగా సరిపోదు. పట్టు జారిందా, పళ్ళ కొనలు చిదిమేస్తుంది. బ్రాండు పేరుతో, రంగుల పెట్టెలో వచ్చింది కాబట్టి దీన్ని ఎవరూ నాటు టూల్ అనరు. వెల్డింగ్ మచ్చ కనబడే పాత ప్లేటును అంటారు. బరువు ఎన్ని పళ్ళ మీద పడుతుందో చూడకుండా పెట్టె చూసి భద్రత తేల్చేవాళ్ళతో నాకు పేచీ.

ఈ పిడి వెయ్యడంలో ఒడుపు ఉంది. ఆ ఒడుపు తెలియనివాడి చేతిలో అవతలివాళ్ళ భయం నిజమవుతుంది కాబట్టి వివరంగానే చెబుతాను. స్టీలు ప్లేటు ఒక్కటైతే పలచన, పళ్ళ అంచు మొద్దుబారుతుంది. రెండో మూడో ప్లేట్లు పేర్చి, పళ్ళు ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూచునేలా పాత హబ్బు మీద సరిచూసుకుని, క్లాంపు బిగించి, హబ్బు నుంచి బయటికి తీశాకే వెల్డింగ్ పెట్టాలి. హబ్బు మీద ఉండగానే టాకా వేసి హబ్బును కూడా పాడుచేసిన ఘనులను ఎరుగుదును. పలచని రేకు వేడికి వంగుతుంది కనక చిన్న చిన్న టాకాలే, ఇటొకటి అటొకటి, మధ్యలో చల్లారనిస్తూ వెయ్యాలి. దానికి 25 మిల్లీమీటర్ల వెడల్పు, 6 మిల్లీమీటర్ల మందం పట్టీ, అర మీటరుకు కాస్త తక్కువ పొడుగు, నట్టు మీద సాకెట్టు కూచోవడానికి మధ్యలో దారి వదిలేలా వంచి అతికించాలి. 450 మిల్లీమీటర్ల పిడి అయితే, ఇందాకటి లెక్కకు చేతి దగ్గర ఇరవై కిలోల బలం చాలు. పిడి కొసను చాసిస్ గొట్టానికి ఆనిస్తే ఆ ఇరవై కిలోలు కూడా మనిషి మోయక్కర్లేదు. ఇంజను కేసుకు మాత్రం ఆనించకూడదు, అది పగులుతుంది.

ఇంకో మాట, ఇది ప్రాణం సంగతి. పాత ప్లేటు ఇంజనాయిల్ తాగి ఉంటుంది, కడగకుండా వెల్డింగ్ పెట్టలేం. కొందరు స్ప్రే డబ్బాలో వచ్చే బ్రేక్ క్లీనరుతో కడుగుతారు. అందులో క్లోరిన్ ఉన్న రకాలుంటాయి. అవి ఆర్కు వేడికి, వెలుగుకు విరిగితే ఫాస్జీన్ అనే విషవాయువు పుట్టగలదు. సబ్బు నీళ్ళతో కడిగి ఎండబెట్టండి. ఒక పూట ఆలస్యమైతే కొంపేం మునగదు. స్టీలు ప్లేట్ల మధ్య ఉండే రాపిడి ప్లేట్ల జోలికి కూడా పోవద్దు. కొన్నింటి లోపలి చట్రం అల్యూమినియం, వెల్డింగ్ పట్టదు. రాపిడి పూత కాలితే వచ్చే పొగ మనిషి పీల్చే పొగ కాదు.

ఈ జాగ్రత్తలన్నీ చదివి "చూశారా, ఎన్ని ప్రమాదాలో, అందుకే వద్దన్నాం" అనేవాళ్ళుంటారు. ఈ జాగ్రత్తలు నేర్పేవాళ్ళు లేకుండా చేసింది ఆ "వద్దు" అన్న మాటే. వద్దన్నంత మాత్రాన పని ఆగదు, తలుపు మూసుకుని జరుగుతుంది. అక్కడ చెప్పేవాడుండడు.

ఇక రెండో జట్టు ఉంది. వీళ్ళు సొంత టూల్‌ను నెత్తిన పెట్టుకునేవాళ్ళు. నన్ను అడిగితే మొదటి జట్టు కంటే వీళ్ళతోనే ఎక్కువ చిక్కు. "మనవాళ్ళ జుగాడ్ చూడండి, ఏమీ లేకుండానే పని కానిస్తారు" అని మురిసిపోతారు. 2012లో ఆ మాటను అట్ట మీదకెక్కించి "జుగాడ్ ఇన్నొవేషన్" అనే మేనేజిమెంటు పుస్తకమే వచ్చింది. రాసినవాళ్ళు నవీ రాజు, జైదీప్ ప్రభు, సిమోన్ అహూజా. లేమిలోంచి పుట్టే తెలివిని పెద్ద కంపెనీలు నేర్చుకోవాలన్నది అందులోని సారాంశం. ఉద్దేశం మంచిదే. కానీ ఆ ఒక్క మాట కింద స్క్రూడ్రైవర్ దూర్చడం, పాత ప్లేటుకు పిడి వెయ్యడం రెండూ ఒకే గాటన కట్టేశారు జనం. ఒకరు రెంటినీ తిడతారు, ఇంకొకరు రెంటినీ పొగుడుతారు. తేడా తెలియకపోవడంలో ఇద్దరూ ఒకటే.

స్క్రూడ్రైవర్ దూర్చడం అంటే కొలవకపోవడం. చేతికందింది పట్టుకుని అప్పటికి గట్టెక్కడం. రేపు మళ్ళీ అదే పని వస్తే మళ్ళీ వెతుక్కోవాలి. టూల్ చెయ్యడం దానికి పూర్తిగా తలకిందులు. ముందు పళ్ళు లెక్కపెట్టాలి, బలం ఎటు నుంచి ఎటు పోతుందో ఊహించాలి, ఉక్కు ఎంచాలి, రేపటికీ ఎల్లుండికీ పనికొచ్చేలా మేకుకు తగిలించాలి. కమ్మరి కొలిమి దగ్గర కూచున్నవాళ్ళను అడగండి, కమ్మరి తన పటకారు తనే సాగగొట్టుకుంటాడు. పట్టుకోవలసిన ఇనుము మందాన్ని బట్టి ఒక్కో పటకారుకు ఒక్కో దవడ. అది బజారులో దొరక్క చేసుకున్నది కాదు. ఐటీఐలో ఫిట్టరు పిల్లాడికి మొదట ఆకురాయి ఇచ్చి ఇనుప ముక్కను చదును చెయ్యమంటారు, వారాల తరబడి. ఆ చదువు జుగాడ్ నేర్పడానికి పెట్టింది కాదు.

ఇంపాక్ట్ రెంచి ఉండగా ఈ గొడవంతా ఎందుకని అడిగే మూడోరకం వాళ్ళూ ఉన్నారు. విప్పడానికైతే బాగానే ఉంటుంది, పట్టుకునే పని లేకుండానే టకటకా నట్టు వదులుతుంది. బిగించేటప్పుడో? ఎంత బిగించిందో అది చెప్పదు. బిగువు కొలవాలంటే టార్క్ రెంచి కావాలి, టార్క్ రెంచి పట్టాలంటే హబ్బు కదలకుండా ఉండాలి, హబ్బు కదలకుండా ఉండాలంటే హోల్డర్ కావాలి. తిరిగి తిరిగి అక్కడికే వచ్చాం. పైగా హోండా పనిబండ్లు కొన్నింటిలో సెంట్రిఫ్యూగల్ క్లచ్ నట్టు ఎడమ మర. అది తెలియక ఇంపాక్ట్ పెట్టి మామూలు వైపు తిప్పినవాడు విప్పుతున్నాననుకుంటూ ఇంకా బిగిస్తాడు. చేత్తో తిప్పేవాడికి ఏదో తేడాగా ఉందని మణికట్టుకైనా అనుమానం వస్తుంది.

ఇంతవరకు నాదే పైచేయి. ఇప్పుడు అవతలివాళ్ళు గెలిచే చోటికి వద్దాం.

సీవీటీ బండ్లలో ముందు క్లచ్ చాలావాటికి క్రాంకు కొస మీద, వాలుగా చెక్కిన షాఫ్టు మీద బిగుసుకుని ఉంటుంది. పొలారిస్ లాంటివాటిలో కీ కూడా ఉండదు, వాలు మీది రాపిడే దాన్ని పట్టి ఉంచుతుంది. పొడుగు బోల్టు తీసేసినా క్లచ్ ఊడదు. దానికి పుల్లర్ కావాలి. చూడటానికి అదొక లావుపాటి బోల్టు. క్లచ్ లోపలి మరలో ఎక్కించి తిప్పితే దాని మొన క్రాంకు కొసను నెడుతుంది, క్లచ్ ఢామ్మని ఎగిరి వదులుతుంది. "ఓస్, బోల్టే కదా" అని హార్డువేర్ కొట్లో బోల్టు కొని మొన సాన పట్టించుకొచ్చేవాళ్ళు ఇక్కడే బోర్లా పడతారు.

మళ్ళీ లెక్క. 20 మిల్లీమీటర్ల బోల్టు, మర అడుగు (పిచ్) ఒకటిన్నర మిల్లీమీటరు. 50 న్యూటన్ మీటర్ల బిగువు పెడితే, మరల రాపిడికి పోయింది పోగా, మొన దగ్గర రెండున్నర టన్నుల తోపు మిగులుతుంది. మొన 10 మిల్లీమీటర్లదైతే చదరపు మిల్లీమీటరుకు సుమారు 320 న్యూటన్లు. బోల్టు తల మీద 4.8 అని ఉంటే ఆ ఉక్కు లొంగిపోయే హద్దు దాదాపు అదే 320. మొన పుట్టగొడుగులా విచ్చుకుంటుంది, క్రాంకు లోపల, బయటికి రాకుండా. 8.8 అని ఉంటే హద్దు 640, కాబట్టి ఊపిరాడుతుంది. కానీ పట్టేసిన క్లచ్‌కు 50 చాలదు. బిగువు రెట్టింపు చేస్తే 8.8 కూడా అంచుకొస్తుంది. ఏ లేతు కొట్లోనైనా దొరికే ఈఎన్-8 కడ్డీని వేడి ప్రక్రియ చేయించకుండా వాడితే పరిస్థితి 4.8 కంటే గొప్పగా ఏం ఉండదు. ఈఎన్-24 కావాలి, గట్టిపరిచింది కావాలి, మొన లోపలి మరలను గీసుకోకుండా పొడుగు, లావు ఆ మోడలుకు తగ్గట్టు లేతు మీద తీసి ఉండాలి. ఇవన్నీ చెయ్యగల టర్నరు పక్కన లేనివాడు పుల్లర్ కొనుక్కోవడమే మంచిది. నేను కొన్నాను. చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు.

షెడ్లలో ఇంకో ఉపాయం ఉంది. క్రాంకు బోల్టు రంధ్రం నిండా నీళ్ళు పోసి, పుల్లర్ మరకు ప్లంబర్లు వాడే తెల్ల టేపు చుట్టి ఎక్కిస్తారు. నీరు కుదించుకుపోదు కాబట్టి ఆ ఒత్తిడే క్లచ్‌ను తోస్తుంది. నీళ్ళకు బదులు గ్రీజు పెట్టేవాళ్ళూ ఉన్నారు. మొన వెళ్ళి గుచ్చుకునే పని తప్పుతుంది కనక సూత్రం సవ్యమైనదే. వదిలాక రంధ్రం, వాలు రెండూ శుభ్రంగా తుడిచి పొడిగా బిగించాలి, వాలు మీద చమురు మరక కూడా ఉండకూడదు. బిగించేటప్పుడు, విప్పేటప్పుడు క్లచ్‌కు ఎదురుగా ముఖం పెట్టకూడదు. ఇదంతా ఎందుకు చెప్పానంటే, పుల్లర్ దగ్గర అవతలివాళ్ళ భయం నిజమే. కానీ ఆ భయం ఎంతవరకు నిజమో చెప్పింది 320, 640 అనే అంకెలు. "ఇంట్లో చేసింది" అన్న ముద్ర కాదు. ప్లేటు హోల్డరు దగ్గర అంకెలు మన పక్షం, పుల్లర్ దగ్గర కంపెనీ పక్షం. రెంటికీ ఒకే జవాబు చెప్పే నియమం లెక్క రానివాడి కోసం పెట్టిన నియమం.

"కంపెనీ మాన్యువల్లో స్పెషల్ టూల్ అని నంబరుతో సహా రాసి ఉంది" అంటారు. ఉంటుంది. హోండా టూల్ నంబర్లు 07తో మొదలవుతాయి, యమహావి 90890తో. నంబరు ఉన్నంత మాత్రాన వస్తువుకు మహిమ రాదు. అది గిడ్డంగిలో వెతుక్కోవడానికి పెట్టిన గుర్తు. ప్రపంచంలో టూళ్ళకు డబ్బు వెతుక్కోనవసరం లేని సంస్థ ఏదైనా ఉందంటే అమెరికా సైన్యం. వాళ్ళ మరమ్మతు మాన్యువళ్ళు చాలావాటి చివర, అక్కడికక్కడే చేసుకోవలసిన వస్తువుల జాబితా, బొమ్మలతో, కొలతలతో ఉంటుంది. ఫలానా పట్టీ ఇంత పొడుగు కొయ్యాలి, ఇక్కడ ఇంత బెజ్జం వెయ్యాలి అని. అంత డబ్బున్నవాళ్ళు బొమ్మ గీసి మరీ "చేసుకో" అంటుంటే, మన షెడ్డులో పిల్లాణ్ణి "ముట్టుకోకు" అంటున్నాం.

వారంటీ పోతుందని బెదిరించడం ఇంకొకటి. అమెరికాలో 1975 నాటి మాగ్నసన్-మాస్ చట్టం ప్రకారం, కంపెనీ తన పేరున్న విడిభాగమో సర్వీసో డబ్బిచ్చి వాడితేనే వారంటీ అని షరతు పెట్టడం మామూలుగా కుదరదు. అలాంటి షరతుల మీదే 2022లో అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ హార్లీ-డేవిడ్‌సన్ మీద చర్య తీసుకుంది. మన దేశంలో 2014లో కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకు 2,544 కోట్ల రూపాయల జరిమానా వేసింది. విడిభాగాలు, లోపం కనిపెట్టే పరికరాలు బయటి మెకానిక్కులకు అందకుండా బిగపట్టారన్నది ఆరోపణల్లో ముఖ్యమైనది. ఆ కేసు తర్వాత పై మెట్లెక్కింది. మన చేత్తో మనం పాడుచేసిన హబ్బుకు ఏ చట్టమూ కొత్త హబ్బు ఇప్పించదు, అది న్యాయమే. కానీ టూలును అందనివ్వకుండా చేసి, ఆపైన టూలు లేకుండా ముట్టుకోవద్దని చెప్పడం హితవు కాదు, వ్యాపారం.

సొంత టూలు చౌక అన్నది నా వాదన కాదని ఇక్కడే చెప్పాలి. చౌక కాదు. పాత ప్లేటు ఊరికే వస్తుంది, పట్టీ ఇనుము పాతసామాను కొట్లో తూకానికి దొరుకుతుంది, నిజమే. దాని మీద పెట్టిన పూటంతా లెక్కేస్తే కొన్నదే నయం. అయినా చెయ్యమంటాను. పళ్ళు లెక్కపెట్టనివాడు, ప్లేటు హబ్బు మీద ఏ వైపున కాస్త వదులుగా ఆడుతోందో చూడనివాడు, హబ్బు పళ్ళ మీద ప్లేట్లు కొట్టుకుని పడిన గాట్లను చూడడు. ఆ గాట్లే క్లచ్ సరిగా వదలకపోవడానికి కారణం. కొన్న టూలుతో అతను నట్టు విప్పి, కొత్త ప్లేట్లు వేసి, అదే రోగంతో బండిని తిరిగి పంపుతాడు. టూలు చేసుకోబోయినవాడికి ఆ గాట్లు ఆకురాయి పట్టేలోపే వేలికి తగులుతాయి.

కిందటేడు కొందరు ఇంజనీరింగు పిల్లలు నా దగ్గరికొచ్చారు. బాహా పోటీకి బండి కడుతున్నారు. 1976లో అమెరికాలోని దక్షిణ కరోలినాలో మొదలైన విద్యార్థుల పోటీ అది. మన దేశంలో 2007లో మధ్యప్రదేశ్‌లోని పీతంపూర్‌లో మొదలైంది. చట్రం నుంచి సస్పెన్షను దాకా పిల్లలే కట్టాలి. వీళ్ళ బండి సీవీటీది. బోల్టు విప్పడానికి పుల్లీ పలకల మధ్య స్క్రూడ్రైవర్ దూర్చారట. పలక మీద గోరుకు తగిలేంత గాటు పడింది, కొత్త బెల్టు అక్కడ ఒరుసుకుని నూలు లేస్తోంది. "మా సార్ సొంత టూల్స్ వాడొద్దన్నారు, మాస్టారూ" అన్నాడు వాళ్ళలో పొడుగ్గా ఉన్నవాడు. "మరి స్క్రూడ్రైవర్ వాడొచ్చన్నారా?" అని అడిగాను. నేల చూశాడు.

తెగిపోయిన పాత బెల్టు ఒకటి వాళ్ళ సంచీలోనే ఉంది. దాన్ని ఒకచోట కోసి, ఒక కొసను పట్టీకి రెండు బోల్టులతో బిగించి, రెండో కొసను పుల్లీ చుట్టూ తిప్పి పట్టీకి ఉన్న కొక్కెంలో దూర్చాం. పిడి లాగేకొద్దీ బెల్టు పుల్లీ గాడిలో ఇంకా గట్టిగా కూచుంటుంది. ఆ బెల్టు పుట్టిందే ఆ గాడిలో పట్టుకోవడానికి కాబట్టి లోహానికి లోహం తగిలే పని లేదు. మొదటి ప్రయత్నంలో కొక్కెం తప్పు వైపు పెట్టాం, లాగితే వదులైంది. తప్పు నాదే, బోల్టు తిరిగే వైపు చూసుకోకుండా తొందరపడ్డాను. జట్టులో ఉన్న ఒకమ్మాయి అది గమనించి, పట్టీ తిరగేసి బిగించింది. తర్వాత నంబరు పంచీలు అడిగి తీసుకుని, పిడి మీద ఏ బండిదో, ఏ వైపు లాగాలో బాణం గుర్తుతో కొట్టింది. ఆరు అంకె తలకిందులుగా పడి తొమ్మిదైంది. దిద్దుతానంది. ఉండనీ అమ్మా అన్నాను. పోటీకి వెళ్ళేటప్పుడు ఆ టూలు వాళ్ళ పెట్టెలో వెళ్ళింది. దాని జోడు ఒకటి నా కోసం చేసి ఇచ్చి వెళ్ళారు. దాని మీద ఆరు సరిగ్గానే పడింది.